నెప్ట్యూన్ వంతు

నారిన్ లోయలో బడి ముందు
ట్రాక్టరు టైరుకి పసుపు పూసి
సూర్యుడన్నాను.
మీటరుకి పది లక్షల కిలోమీటర్లు.

నూటయాభై మీటర్లలో
నూర్జమాల్, గుప్పిట్లో గోళీ, భూమి.
ఇంకా నా కేకకి అందుతూనే ఉంది.
శనిని పట్టుకున్నవాడు వాగు దాటాడు.

నెప్ట్యూన్ బెక్‌తెమిర్ వంతు.
జేబులో అక్రోటు కాయ, నాలుగున్నర కిలోమీటర్లు.
గుర్రం అడిగాడు, ఇవ్వలేదు.

ఈ కొలతలో వెలుగు
సెకనుకి ఒక్క అడుగు,
మేస్తూ కదిలే గొర్రె నడక.

రొట్టెలు పంచేటప్పుడు లెక్కపెడితే ఏడుగురే.
గుర్రమెక్కి పరిగెత్తించాను.

సన్నగా మంచు. బండమీద కూర్చున్నాడు,
పక్కన పగిలిన అక్రోటు చిప్పలు.

"ఎండ ఇంకా ఇక్కడికి రాలేదు టీచర్,
దారిలో ఉంది.
నేనే ముందొచ్చేశా."