రెండు వరసల కుట్టు

ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసే
అర్జిల్లి దానయ్యకు
పన్నెండేళ్ల కిందట కవాటం వేశాను.
లోహంది వద్దన్నాడు.
"రగతం పల్చబడే మాత్రలేసుకుని
కత్తీ గేలం పట్టుకుంటే
ఒక్క గాటుకే కాళీ అయిపోనా?"

పంది గుండెలోది, చట్రం లేనిది,
తడిసిన ఉల్లిపొర లాంటిది.
నిలబెట్టే కమ్మీ లేదు గనక
నిలబెట్టాల్సింది నా కుట్టే.
కింద ఒక వరస, పైన ఇంకొకటి,
గుండెకే నెత్తురిచ్చే రెండు రంధ్రాల అంచున
వంకర తిరుగుతూ.
మూడు మూలల్లో ఏది వెంట్రుకవాసి జరిగినా
రేకులు కలవవు, కారుతుంది.
ఆపిన గుండె చల్లగా ఎదురుచూస్తోంది.
నర్సు నిమిషాలు చదువుతోంది:
తొంభై. నూట పది. నూట ముప్పై రెండు.
విననట్టే కుట్టాను.

"ఎన్నేళ్లొత్తాది బాబూ?"
పది, పదిహేను అన్నాను,
తుఫాను కబురు చెప్పినట్టు.

మొన్న పెద్దాసుపత్రి మెట్ల మీద
మూడో మెట్టుకే కూలబడ్డాడు.
తెరమీద చూశాను:
పడవ అడుగున గుల్లలు పట్టినట్టు
రేకులకు సున్నం.
ఒకటి చిరిగింది.
గోడలో కలిసిపోయిన దాన్ని
గోడ తెగకుండా ఎలా ఊడదీయాలో
రాత్రంతా కాగితమ్మీద గీశాను, కొట్టేశాను.

పొద్దున్నే అడిగాడు, కుట్లూడాయా అని.
లేదు, అన్నీ అలాగే ఉన్నాయన్నాను.

జేబులోంచి నైలాను పోగు తీసి
పంటితో బిగలాగి చూపించాడు.
"నా పనీ అంతే బాబూ.
కుట్టు ఉంటాది.
పక్కన వల పోతాది."