ఉప్పు తిన్న గింజ

టిఫిను గిన్నెలో మట్టి తెచ్చాడు
కొక్కిలిగడ్డ యేసోబు.
నిజాంపట్నం దాపు నుంచి గుంటూరు దాకా
ఒళ్ళోనే గిన్నె.
కూరేమిటని బస్సులో పక్క సీటామె అడిగిందట.

లాం వెళ్ళే రోడ్డులో మా భూసార పరీక్ష గది,
మిర్చి లారీ పోతే తుమ్ములకి లెక్క తప్పే గది.
నేను మీటరు కడిగేలోపు
చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాడు.
కళ్ళు మూసి, "తొమ్మిదుంటది" అన్నాడు.
నాలుగేళ్ళుగా వస్తున్నవాడు,
నాలిక్కి అంకెలు వచ్చేశాయి.
మీటరు తొమ్మిది పాయింటు నాలుగు చూపించింది.
రిజిస్టరులో రుచికి గడి లేదు.
మీటరు మాటే రాశాను.

కరకట్ట తెగిన ఏడు
పోటు నీళ్ళు మూడు రోజులు నిలిచాయట
అతని ఎకరంన్నరలో.
నీళ్ళు పోయాయి. ఉప్పు కాపురం పెట్టింది.
ఎండల్లో తెల్లగా పైకొచ్చి కూర్చుంటుంది,
వాన పడితే కిందికి దిగి నక్కుతుంది.
"జిప్సం పోశాం. మురుక్కాలవ తీశాం. జీలుగ దున్నాం.
అది కదల్లా.
మా తమ్ముడే కదిలి బోటెక్కాడు."

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు.
ఆ చేలో ఉప్పు తిన్న మొక్కకి
ఆ శిక్ష కూడా దొరకదు.
చీలమండ లోతు నీళ్ళలో నిలబడి
ఆకు కొస నుంచి కాలుతూ వస్తుంది దాహం.
వేరు ఇటు పీలుస్తుంది,
మట్టి అటు లాక్కుంటుంది.

హైమవతి మేడం ఆసారి కొత్త సీసా తీశారు.
తెల్లటి పొడి. లీటరు నీళ్ళకి
అరవై తొమ్మిది మిల్లీగ్రాములు.
ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి తూచాలి.
చన్నీళ్ళలో కరగని మొండిది,
గోరువెచ్చగా బతిమాలితే కరుగుతుంది.
సాలిసిలిక్ ఆమ్లం అనగానే
యేసోబు మొహం చూసి,
"తలనొప్పి బిళ్ళకి మేనత్తలే" అన్నాను.
"గింజకి తల యాడుందమ్మా?"

మేడం నవ్వలేదు. సరిదిద్దారు:
నొప్పి తగ్గించడం కాదు,
నొప్పి వస్తోందని
గింజకి ముందే కబురు పెట్టడం.

ఒక పగలూ ఒక రాత్రీ నానాయి వడ్లు.
కబురు ఎలా చేరుతుందో అని
రెండుసార్లు మూత తీసి చూశాను.
మామూలు వడ్లే. నీళ్ళే.
నీడన ఆరబెట్టి లెక్కపెట్టాను,
మందులో నానినవి వంద, వట్టి నీళ్ళలో నానినవి వంద.
అందరికీ ఒకటే ఉప్పునీళ్ళ పళ్ళెం.
పదో రోజుకి
వట్టివి నలభై ఒకటి లేచాయి.
మందువి అరవై ఎనిమిది.

కబురు వినని ముప్ఫై రెండింటి గురించి
ఏ కాగితమూ ఏమీ అడగలేదు.
పారెయ్య బుద్ధి కాక
గది వెనక తొట్టిలో పోశాను.
అక్కడా లేవలేదు.

యేసోబు ఏడు పొట్లాలు పట్టుకెళ్ళాడు,
అరెకరానికి.
భాద్రపదం దాటింది, ఫోను లేదు.
ఆ ఏడు వానలూ ఒళ్ళొంచి పడ్డాయి.
ఒకవేళ పండితే
ఏది మందు చలవో ఏది మబ్బు చలవో
ఎవరు తేలుస్తారు? మేడం అదే అన్నారు,
మళ్ళీ ఏడు చూడాలి, ఆపై ఏడూ చూడాలి అని.
నాకూ బీపీ ఉందని డాక్టరు ఉప్పు మానమన్న నెల అది.
చప్పిడి మజ్జిగన్నం ముందు కూర్చుంటే
ఆ చేనే గుర్తొచ్చేది.

కార్తీకంలో వచ్చాడు. అదే గిన్నె.
తడిగుడ్డలో రెండు వెన్నులు.
"ఇది మందుది. ఇది ఉత్తది."
పక్కపక్కన పెడితే
పొడుగులో తేడా బెత్తెడు కూడా లేదు.
"దీంట్లోనూ మూడోవంతు తాలే పోద్ది" అన్నాడు,
దాచకుండా.
"మిగతావి వడ్లే కదమ్మా."

మీటరు కోసం చెయ్యి చాపి ఆగాను.
ఒక గింజ గోటితో నొక్కి
నాలిక మీద పెట్టుకున్నాను.

పాలు.

యేసోబు నా మొహంలోకే చూస్తున్నాడు,
అంకె ఎంతో చెబుతానని.