గుడ్డ పట్టుకున్న చోట

త్బిలిసీ శివార్లలో, గ్లదానీలో
తొమ్మిదంతస్తుల మేడల్లో లిఫ్టు ఊరికే కదలదు.
ఇరవై తెత్రీల నాణెం మింగితేగాని
తలుపు మూసుకోదు.
నాణేల పెట్టె తాళంచెవి నా దగ్గరుండేది.
ఒక్క తెత్రీ కూడా ఎన్నడూ తేడా రాలేదు.
అందుకే నిజాయితీపరుణ్ణని అనుకునేవాణ్ణి.

నాకు పని నేర్పినవాడు నూగ్జార్.
నేర్పడమంటే, పెద్దగా మాట్లాడేవాడు కాదు.
పైకప్పు మీది యంత్రం గదిలో
పావురాల రెట్టలు బూటుతో పక్కకు నెట్టి
మోకాళ్ల మీద కూర్చుని
పాత బనీను ముక్క ఉక్కుతాడుకు చుట్టి
లిఫ్టును నెమ్మదిగా నడిపించమనేవాడు.
జ్వరం చూసే చేతిలా ఉండేది ఆ చెయ్యి.
"కళ్లు మోసపోతాయి, గుడ్డ మోసపోదు.
తెగిన పోగును అదే పట్టుకుంటుంది."

ఆ ఫిబ్రవరిలో, పద్నాలుగో నంబరు మేడలో
గుడ్డ పట్టుకుంది.
ఒకచోట కాదు. జానెడు మేరలో
పదకొండు చోట్ల.
లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి,
వేలికొసన రక్తపు చుక్క ప్యాంటుకు తుడుచుకుని
స్విచ్చు దించేశాడు.

ఫోనులో మేనేజరు ఆవ్తో గొంతు నాక్కూడా వినిపిస్తోంది:
"కొత్త తాడు మే నెలలోగాని రాదు.
అందాకా 'బాగుంది' అని రాస్తే నీ సొమ్మేం పోయింది?
పోయిన నెల బాగానే ఉందిగా. చూసుకో, రాసి ఉంది."

రాసి ఉంది.
నీలం అట్ట పుస్తకం, జనవరి పేజీ,
నా చేతిరాత.
ఆ రోజు మంచు పడుతోంది, పైకప్పు నిచ్చెన జారుతోంది.
నాణేల పెట్టె మీద పుస్తకం ఆనించుకుని
కింద నిలబడి రాశాను
పైన ఉన్న తాడు గురించి.

నూగ్జార్ ఆ పేజీ చూశాడు. నన్ను చూశాడు.
గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.
తిట్టి ఉంటే బాగుండేది.

మంచి పనికి మెప్పు దొరుకుతుందని ఎవరన్నారో గాని
మెట్ల మీద మాకు దొరికినవి శాపనార్థాలే.
ఎనిమిదో అంతస్తు లమారా
బంగాళాదుంపల సంచి కాళ్ల దగ్గర పడేసి అడిగింది:
"ముప్పై ఏళ్లుగా ఎక్కుతున్నా, ఒక్కసారైనా తెగిందా?"
ఏం చెబుతాం?
జరగని ప్రమాదానికి సాక్షులుండరు.
నూగ్జార్ మాట్లాడకుండా సంచి భుజానికెత్తుకున్నాడు.

మర్నాటి నుంచి గంట ముందే వచ్చేవాడు.
ఆరో అంతస్తు పసిదాని బండి,
నాలుగో అంతస్తు ముసలాయన ఆక్సిజన్ సిలిండరు,
ఎవరిదో పెళ్లికి వైను జాడీలు.
అరవై దాటిన మోకాళ్లు మలుపు మలుపుకీ చప్పుడు చేసేవి.
"ఇది మన డ్యూటీ కాదుగా" అన్నాను.
ఆయాసం తీరేదాకా ఆగి అన్నాడు:
"లిఫ్టు ఆపింది నేనేగా."

మూడో వారంలో, ఎవరూ లేనప్పుడు,
జనవరి పేజీ తెరిచి నా మాట కొట్టేశాను.
పక్కన రాశాను: 'చూడకుండా రాశాను.'
పేరు, తేదీ.
సిరా ఆరేలోపు పేజీ చింపేద్దామని రెండుసార్లనిపించింది.
ఆవ్తో నా జీతంలో కోత పెట్టాడు.
నూగ్జార్ దాని గురించి ఏమీ అనలేదు. ఆ సాయంత్రం
సగం రొట్టె తుంచి నా చేతిలో పెట్టాడు, అంతే.

తాడు మేలో రాలేదు. జూన్ చివర వచ్చింది.
లమారా నాతో ఇప్పటికీ మాట్లాడదు.
మొదటి రోజు నాణెం వేసి
మూడుసార్లు శిలువ గీసుకుని ఎక్కిందట.
నేను పైన, యంత్రం గదిలో,
కొత్త తాడుకు బనీను ముక్క చుట్టి పట్టుకున్నాను.
ఆమె, ఆమె సంచి, ఆమె కోపం
నా అరచేతిలోంచి
ఒక్కో మూరా జారుతూ ఎనిమిదో అంతస్తు చేరాయి.

గుడ్డ ఎక్కడా పట్టుకోలేదు.