ముగ్గురాయి

కడప పెద్దాసుపత్రి, ఎక్స్‌రే గది.
ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు.
పన్నెండేళ్లుగా ఇక్కడ నిలబడి
"ఊపిరి బిగబట్టండి" అంటున్నాను.
"ఇక వదలండి" అనడం
ఒక్కోసారి మరిచిపోతాను.

మంగళవారం పెంచలయ్య వచ్చాడు.
మంగంపేట గనిలో ముప్పై ఒక్క ఏళ్ల కూలి.
సంగటి ముద్ద గొంతులో నిలబడుతోందని
చీటీలో రాసుంది.
తువ్వాలు మడతల్లో బూడిదరంగు,
ఏ సబ్బుకూ లొంగనిది.

తెల్లటి మందు కలిపి గ్లాసు చేతికిచ్చాను.
తాగలేదు.
అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఆడించాడు,
సంతలో చింతపండు తూకం మీద
అనుమానమొచ్చిన మనిషిలా.
"ఇంత గ్లాసు ఇంత బరువేందిమ్మా?"
బేరియం, అన్నాను.
అంటే?
అంటే మీ ఊరి ముగ్గురాయి,
కడిగి, శుద్ధి చేసి, మెత్తగా నూరి.

పక్క గదిలోవాళ్లు తొంగి చూసేంత నవ్వు.
"నేను తవ్విందే నాకు తాపిస్తాండారే!"

డబ్బా మీద మంగంపేట పేరు లేదు.
ఎక్కడిదో కంపెనీ, గడువు తేదీ,
స్ట్రాబెర్రీ పండు బొమ్మ.
మీ రాయే అని ఎట్లా చెప్పగలం, అన్నాను.
"రాయికి ఊరేంది? తూకం ఉంటాది.
నా చెయ్యి మర్చిపోతాదా?"
తాగాడు, కళ్లు మూసుకుని.

తెర మీద తెలుపు దిగింది.
నా కిరణాలు దాన్ని దాటలేవు.
వెలుతురుకు అడ్డం నిలబడటమే దాని ఉద్యోగం.
వేళ్ల సందుల్లోంచి పిండి జారినట్టు జారి జారి
రొమ్ము నడిమికొచ్చేసరికి
గీత సన్నబడింది.
పిండి చాలక కాదు.

నిరుడు కుళ్లాయప్ప ఇదే బల్ల మీద
చెయ్యంత పొడుగు రాయి పడుకోబెట్టాడు.
భూగర్భశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు,
రాయి లోపల పొరలు చూడాలన్నాడు.
నూటయాభై కోట్ల ఏళ్ల కింద
అగ్నిపర్వతం ఉమ్మిన బూడిదట,
వాళ్ల గురువుగారు మాత్రం
ఆ లెక్క తప్పంటారట.
ఫిల్ము మొత్తం తెల్లగా వచ్చింది.
రాయి ఒక్క ముక్కా చెప్పలేదు.
దానికి మనిషిని చుట్టితే తప్ప
మాటలు రావేమో.

నస్రీన్ వచ్చింది, దంతవైద్య కళాశాల నుంచి,
చంకలో ఫారాల కట్టతో.
గనికూలీల అరిగిన పళ్లు లెక్కబెడుతోంది:
రెండొందల పన్నెండు నోళ్లు.
పెంచలయ్యది నూట ముప్పైయేడు.
దవడ ఫిల్ములో ఒక పన్ను దీపంలా ఉంది.
శిబిరంలో తను పూడ్చిన పన్నే,
ఆ సిమెంటులోనూ బేరియం గాజుపొడి.

"పళ్లు అరిగింది దుమ్ముతోనా?" అడిగాను.
"దుమ్మో, వక్కలో, రాత్రిళ్లు పళ్లు కొరకడమో.
ఇంకా తేలలేదక్కా.
తేలలేదనే రాస్తాను."
ఆ మాటకు ఆ పిల్ల మీద
నాకు గౌరవం కలిగింది.

ఫిల్ము చూపించమన్నాడు పెంచలయ్య.
చూపించకూడదు. చూపించాను.
సన్నబడిన చోట గోరు ఆనించి
గనిలో మేస్త్రీలా తలాడించాడు.
"ఈడ మందు పేల్చినా దారి వచ్చేట్టు లేదే."
నేను నవ్వలేదు.
ఆయన నవ్వమన్నట్టే చూశాడు.

"ఇదంతా లోపలే ఉండిపోతాదా?"
లేదు, రెండ్రోజుల్లో బయటికి పోతుంది.
కరగదు, ఒంటికి పట్టదు, భయం లేదు.
నాకు బాగా వచ్చిన పాఠం అది.
"సరే, తాగింది పోతాది.
పీల్చిందో?"

డాక్టరుగారు పిలిచారు. వెళ్లిపోయాడు.

గ్లాసు కడగబోతే అడుగున ముద్ద,
నీళ్లు తిప్పితే కదలదు.
వేలితో రుద్దాలి.
నస్రీన్ ఫారం బల్ల మీదే మరిచిపోయింది.
వయసు, ఊరు, వక్క, పొగాకు, ఎన్నేళ్ల పని.
అన్నిటికీ గళ్లున్నాయి.
అంచున ఖాళీ చూసి పెన్సిలుతో రాశాను:
పీల్చిందో?

వేలి తెలుపు కాగితానికంటింది.
తుడవకుండానే తరవాతి పేరు పిలిచాను.