ముప్పై నాలుగో ప్రశ్న

పరీక్ష అయి మూడు గంటలైంది.
గున్‌సాన్ రేవు వెనక సందులో
ఎర్రగా ఉడుకుతున్న తొక్‌పొక్కి,
దాని చుట్టూ ముగ్గురు.

"ముసలామె కిటికీ మూసింది.
అప్పటి ఆమె మనఃస్థితి ఏది?"

రెండు, అంటుంది సొల్‌బి. ఊరట.
నాలుగు, అంటాడు గ్యూవన్. పశ్చాత్తాపం.
'మెల్లగా' మూసింది కదే,
ఊరటైతే అంత మెల్లగా ఎవరు మూస్తారు?
'మెల్లగా' కాదురా, 'చివరికి'.
ఇద్దరికీ పేరా కంఠతా వచ్చు.
ఒకటే పేరా అయితే కాదు.

హన్యొల్ మాట్లాడడు.
వాడు మూడో సున్నా నింపాడు.
మూడులో ఏముందో ఇప్పుడు గుర్తులేదు,
నింపేటప్పుడు మాత్రం
గడియ మీద అమ్మమ్మ చెయ్యి కనపడింది.

రెండు మార్కులు.
అభ్యంతరాలకు సోమవారం దాకా గడువు.
రెండు మార్కులకి సోల్ రైలు దొరికేవాళ్లుంటారు,
ప్లాట్‌ఫారం మీదే మిగిలేవాళ్లుంటారు.

గిన్నె అడుగంటింది.
కొట్టావిడ పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని
ఇనప షట్టరు సగం దించి
ఆగింది, పడవల వైపు చూస్తూ.

పుల్లలు గాల్లోనే పట్టుకుని
ముగ్గురూ ఆవిడ మొహం చదువుతున్నారు.

"లేవండర్రా, చలేస్తోంది" అంది.

సొల్‌బి ఇంకా చూస్తూనే ఉంది,
నమ్మకుండా.