పాత నెంబరు, కొత్త నెంబరు

మద్రాసులో చాలా గుమ్మాలకి రెండు నెంబర్లుంటాయి.
పాతది పద్నాలుగు, కొత్తది ముప్పై ఏడు.
ఎప్పుడో కార్పొరేషన్ వాళ్లు వీధంతా మళ్లీ లెక్కపెడితే
పాత అంకెని ఎవరూ గీకెయ్యలేదు.
దానిమీద ఒక గీత,
పక్కన కొత్తది.
పోస్ట్‌మాన్ ఏది పట్టుకొచ్చినా ఇల్లు దొరుకుతుంది.

ఆ గీత విలువ నాకు
గోవిందప్ప నాయకన్ వీధిలో
కుట్టుమిషన్ల దుకాణం మేడమీద తెలిసింది.

దుకాణం వరదప్పగారిది.
షటిల్, బాబిన్, తోలుబెల్టు, పెడలు కింది కడ్డీ,
తాతలనాటి మిషనుకైనా
ఆయన రేకు డబ్బాల్లో ప్రాణం దొరుకుతుంది.
వెబ్‌సైటు మాత్రం మేనల్లుడు కట్టాడు,
విప్పి మళ్లీ కట్టాడు,
మూడోసారి సగంలో వదిలేసి
సినిమా ఎడిటింగంటూ వడపళని వెళ్లిపోయాడు.

"గూగుల్లో మొదటి పేజీలో ఉండేవాళ్లమమ్మా.
ఇప్పుడు నాలుగు.
నాలుగో పేజీకి కాకులు కూడా రావు."

రాత్రంతా జల్లెడ పట్టాను.
రెండొందల పన్నెండు తెగిన లింకులు.

ఒకటీ అరా అయితే ఎవరడుగుతారు,
చొక్కాకి గుండీ ఊడితే చెయ్యి అడ్డం పెట్టుకోవచ్చు.
ఇది చొక్కానే లేకపోవడం.

మధురాంతకం నుంచి ఒకామె
రాత్రి పదకొండుంపావుకి బాబిన్ కేసు కోసం నొక్కింది.
నాలుగొందల నాలుగు.
మళ్లీ నొక్కింది.
తొమ్మిది సెకన్లుండి వెళ్లిపోయింది.
లెక్కల్లో ఆమె ఊరుంది, ఫోను రకం ఉంది,
ఆ తొమ్మిది సెకన్లున్నాయి.
పొద్దున్నే ఇవ్వాల్సిన పెళ్లి జాకెట్టు
మిషను మీద సగంలో ఉందో లేదో
ఏ లెక్కలోనూ లేదు.

ఆమె వెనకే సాలీడు.
వెతుకులాట యంత్రం పంపేది,
ఊరూరా గదిగదీ తిరిగేది.
అది తిట్టదు, తలుపు తట్టదు,
పోగు పట్టుకుని నడుస్తుంది.
పోగు తెగినచోట ఆగి వెనక్కి తిరుగుతుంది.
ఆ అవతల గదిలో ఎంత సరుకున్నా దానికి చీకటే.
పదిసార్లు తెగితే
రావడం తగ్గించేస్తుంది, మర్యాద దక్కని చుట్టంలా.

"అన్నిటినీ ముంగిట్లోకి తిప్పెయ్యక్కా, అయిపోద్ది"
అన్నాడు మేనల్లుడు ఫోనులో.
సూది అడిగినవాళ్లకి
గుమ్మంలో నిలబెట్టి దండం పెడితే సరిపోతుందా?

నూట ఎనిమిదో వరుసలో చెయ్యి ఆగింది.
'మరమ్మతులు: ఏళుమలై.'
పేజీ లేదు.
కానీ బయటి నుంచి నలభై ఒక్క చూపుడువేళ్లు
ఇంకా అటే చూపిస్తున్నాయి.
పుదుచ్చేరి కుట్టుపని సంఘం,
కాట్పాడిలో బడి టీచరు, రాయపురం టైలరు,
అందరూ ఒకటే రాశారు: ఈయన దగ్గరికే వెళ్లండి.
అన్ని మంచిమాటలూ
నేరుగా కూవంలో కలుస్తున్నాయి.

"నేనే తీసేశాను," అన్నారు వరదప్ప.
"మాసికం అయిన మర్నాడు. ఫోటో చూడలేక."

మరి ఇప్పుడెవరు బాగుచేస్తున్నారు?
గడ్డంతో మెట్ల కిందికి చూపించారు.
పదకొండేళ్లు ఏళుమలై పక్కన
నూనెడబ్బా పట్టుకు కూర్చున్న మెహరున్నిసా,
ఊడదీసిన మిషను లోపలికి చెవి పెట్టి వింటోంది.
ఆమెకి పేజీ లేదు. సైటు మొత్తంలో
ఆమె పేరుకి అక్షరమైనా లేదు.

"ఆడపిల్లంటే జనం మిషనిస్తారో లేదో..."
వక్క పలుకు బుగ్గ మార్చారు.
ఇప్పుడు అసలెవరూ రావడం లేదు కదండీ, అన్నాను.
చాలాసేపు ఫ్యాను చప్పుడు విన్నాం.

అదే చిరునామాలో పేజీ నిలబెట్టాను.
ఏళుమలై పేరు మీద ఒక గీత,
పక్కన మెహరున్నిసా.
చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.
"గీతెందుకక్కా? తీసెయ్.
ఇద్దరం ఉంటాం."

తీసేశాను.

మూడువారాలైంది. మూడో పేజీకి వచ్చాం,
అదీ చివర్లో.
సాలీడుకి ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు.
జాబితాలో నూట అరవై మిగిలాయి.
కిందికి కేకేసి
ఇంకో టీ చెప్పాను.