గీయని గడ్డం

కల్వకుర్తి నుంచి ట్రాక్టరుల తెచ్చిండ్రు ఉశన్నను,
వరిగడ్డి మీద ఎల్లెలుకల పండబెట్టి.
గోనెపట్టా జరుపంగనే సూసిన:
నున్నటి గదువ.

గట్ల లేకుండె ఆయన.

నాకప్పుడు తొమ్మిదేండ్లు. కరువు సాలు.
కూలి జొన్నలు తక్కువ కొలిసిండ్రని
కచేరి ముంగట నిలవడి అడిగినందుకు
బక్కమ్మ ఇంటికి నిప్పు బందు, నీళ్ళు బందు.
చాటి రమ్మన్నడు పట్వారి.
ఊరి మస్కూరి ఉశన్న,
కూతేస్తే దుందుభి అవుతలి ఒడ్డున మేకలు తలెత్తేటియి.
తుడుం కింద పెట్టి
తువ్వాలతోని మొకం తుడుసుకొని
"ఈ మాట నాకు నోరు తిరగదు, పట్వారి" అన్నడు.
గంతే.
బండ మీద ఇప్పుడు పదారు వరుసలు చెక్కిండ్రు గని
ఆయన అన్నది గంతే.

తెల్లారి చాటింపు ఆయన మీదనే.
పక్కూరోణ్ణి పిలిపిచ్చిండ్రు కూతెయ్యనీకి.
ఉప్పు పుట్టలే ఆ ఇంటికి.
మా నాయిన లచ్చుమయ్య మంగలి పొదిని దూలానికెక్కిచ్చి
"మనకెందుకురా" అన్నడు,
నేను అడగకున్నా.

ఒక రాత్రి వచ్చిండు ఉశన్న,
చెప్పులు చేతిల పట్టుకొని, చప్పుడు గాకుండ.
"రేపు బిడ్డ లగ్గం లచ్చుమా. జెర గీకు."
నాయిన దీపం ఊదిండు.
చీకట్ల శానాసేపు కూసున్నడాయన.
పోయేటప్పుడు మాత్రం చెప్పులు తొడుక్కొని పోయిండు,
కిర్రు కిర్రుమని, బజారు నడిమిట్ల.

ఆ గడ్డంతోనే సచ్చిండు నాలుగేండ్లకు.
పాడె నాలుగో కొమ్ము పట్టింది బక్కమ్మ.

నిన్న పొద్దుగూకినంక
పొయ్యిల బొగ్గు తీస్కపోయి, నిచ్చెనేసుకొని,
ముసుగు కిందికెల్లి చెయ్యి పెట్టి
ఆ నున్నటి గదువకు గడ్డం పెట్టిన,
యాదికున్నంత.

పట్వారి మనుమడే ఇప్పుడు సర్పంచి.
చందా అందరికన్న ఎక్కువ రాసింది గూడ ఆయనే.
పొద్దుగాల తాడు గుంజంగనే గగ్గోలు,
"ఎవడురా మహానుభావుణ్ణి పాడు జేసింది?"
దండలు పట్టుకున్న చేతులు ఆడికాడనే ఆగినయి.
సర్పంచి నా దిక్కు సూసి, నవ్వి,
తడిబట్ట చేతికిచ్చిండు:
"నీ పనే గద మామా, గీకు."

నీళ్ళు మోచేతి దాకా కారుతున్నయి.
ఊరంత సూస్తున్నది.
నేను ఆ మాటను
నోట్లె తిప్పుకుంట నిలవడ్డ.